పని లేని కుక్కే పాడు చేస్తుంది

లాబ్రడార్ పిల్లను ముచ్చటపడి తెచ్చుకుంటారు. ఆరేడు నెలలు తిరిగేసరికి అది చెప్పులు కొరికేస్తుంది, సోఫా చీల్చేస్తుంది, వచ్చిన చుట్టాల మీదికి ఎగురుతుంది. ‘ఇది మొండిది, మాట వినదు’ అని తేల్చేసి బాల్కనీలో కట్టేస్తారు. ఇక అక్కడ అరుపులు మొదలు. ఇందులో కుక్క తప్పు చాలా తక్కువ.

లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చన్నీళ్లలో వలలు లాగిన కుక్కలు. బోర్డర్ కోలీ గొర్రెల మందలు మళ్లించింది. హస్కీ మంచు మీద బండ్లు లాగింది. మన కోస్తా ఆంధ్ర జోనంగి వేటకు వెళ్లింది, బాతుల మందలు తోలింది. తరతరాలుగా కష్టపడటానికి అలవాటుపడిన ఒళ్లు అది. రెండు గదుల ఫ్లాట్‌లో ఆ ఓపికంతా ఏం చేసుకోవాలి? మీరు పని చూపించకపోతే తనకు తోచిన పని తానే చూసుకుంటుంది.

అందుకే తప్పు చేశాక తిట్టడం మాని, చేయకముందే పని అప్పజెప్పండి. పొద్దున, సాయంత్రం తప్పకుండా నడిపించండి. వేసవిలో అయితే తెల్లవారుజామునే బయల్దేరాలి. మీ అరచేయి ఆనించలేనంతగా కాలిన రోడ్డు మీద దాని పాదాలూ కాలుతాయి. నడకలో ఆగి వాసన చూస్తుంటే గొలుసు పట్టి లాగకండి. కుక్కకు లోకం ముక్కుతోనే తెలుస్తుంది. పది నిమిషాలు తీరిగ్గా వాసన చూడనిస్తే దాని మనసు కుదుటపడుతుంది.

ఎంత పరిగెత్తిస్తే అంత బుద్ధిగా ఉంటుందనుకోవడం పొరపాటు. పరుగు ఒక్కటే పెంచుకుంటూ పోతే రోజురోజుకీ దాని దమ్ము పెరుగుతుంది. మెదడుకూ పని పడాలి. తిండి గిన్నెలో పోసేయకుండా పాత తువ్వాలులో చుట్టి ఇవ్వండి, గది మూలల్లో దాచి వెతికించండి. తలుపు తీయాలన్నా, బంతి విసరాలన్నా ముందు ‘కూర్చో’ అనండి, కూర్చున్నాకే తీయండి. నిద్రా ముఖ్యమే. చిన్న కుక్కపిల్ల రోజులో ఎక్కువ భాగం పడుకోవాలి. సాయంత్రం ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు కరుస్తుంటే, చాలాసార్లు దానికి కావలసింది ఆట కాదు, కునుకు.

మీదికి ఎగిరినప్పుడు ‘దిగు దిగు’ అంటూ చేతులతో తోస్తే అది ఆటే అనుకుంటుంది. మాట్లాడకుండా వెనక్కి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్లూ నేలమీద పెట్టిన క్షణమే నిమరండి. మొదట్లో ఇంకా ఎక్కువ ఎగురుతుంది. అప్పుడు మీరు మెత్తబడితే, గట్టిగా ఎగిరితే గెలుస్తానని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. నాన్న వద్దన్నదాన్ని తాతయ్య ముద్దుచేస్తే దానికి ఏదీ అర్థం కాదు.

కొట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎప్పుడో కొరికిన చెప్పు ఇప్పుడు చూపించి కొడితే, మీరు ఇంటికొస్తే దెబ్బలు పడతాయన్న భయమే దానికి మిగులుతుంది. తల వంచుకుని, చెవులు వాల్చుకుని కూర్చుంటే ‘తప్పు ఒప్పుకుంటోంది’ అని మురిసిపోతాం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశారు. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా యజమాని తిట్టగానే అదే ముఖం పెట్టాయి. అది మన కోపానికి బెదురు, అంతే.

ఇలా పని కోరే జాతుల్ని పెంచేవారికి ముందు ఉండాల్సింది వేళ తప్పని గుణం. ఉద్యోగం, పిల్లల చదువు, ప్రయాణాల మధ్య పొద్దున గంట, సాయంత్రం గంట తీయలేమనిపిస్తే లాబ్రడార్‌నీ హస్కీనీ తెచ్చుకోకండి. నెమ్మదైన, వయసు పైబడిన కుక్క ఏదైనా మీ ఊరి సంరక్షణ కేంద్రంలో ఎదురుచూస్తూ ఉండవచ్చు. ముందు అక్కడికి వెళ్లి చూడండి.