టీచరుగారికి చేతగాని సగం

అమీర్‌పేటలో తలెత్తి చూస్తే కనిపించే బోర్డుల్లో స్పోకెన్ ఇంగ్లీషు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ఎప్పుడూ జంటగానే ఉంటాయి. ఇంగ్లీషు గడగడా మాట్లాడితే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే వ్యక్తిత్వం దానంతటదే వచ్చేస్తుంది అన్నది ఆ బోర్డుల లెక్క. ఆ లెక్కే నిజమైతే పుట్టుకతోనే ఇంగ్లీషు వచ్చినవాళ్లకు, అందులోనూ పరాయి దేశాలకు వెళ్లి అదే భాష చెప్పి జీతం తీసుకునేవాళ్లకు, ఇక నేర్చుకోవాల్సిందేమీ మిగలకూడదు. వాళ్ల రోజువారీ బతుకు చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. వాళ్లలో మనుషులుగా ఎదిగినవాళ్లను ఎదిగేలా చేసింది వాళ్లకొచ్చిన ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు తప్ప ఇంకేదీ చేతగానివాళ్లుగా రోజూ నలుగురి మధ్య తిరగాల్సి రావడం. ఆ అవస్థ నుంచి తెలివిగా తప్పించుకున్నవాళ్లు ఎన్నేళ్లున్నా వెళ్లినట్టే తిరిగొచ్చారు. మనిషిని అతనికి బాగా వచ్చిన పనిలో చూసి అంచనా కట్టడం మనకు అలవాటు. చేతగాని చోట ఎలా మసలుతాడో చూస్తే ఇంకా ఎక్కువ తెలుస్తుందని నా వాదన.

ఇందుకు జపాన్ మంచి ఉదాహరణ. అక్కడ విదేశీయులతో ఇంగ్లీషు చెప్పించడం ప్రభుత్వమే పెట్టిన ఏర్పాటు. 1987లో జెట్ ప్రోగ్రామ్ పేరుతో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి 848 మందిని పిలిపించారు. ఇప్పుడు ఎన్నో దేశాల నుంచి వస్తున్నారు, పనిచేసేవాళ్ల సంఖ్య ఐదు వేలు దాటింది. వాళ్లలో నూటికి తొంభై మంది ఏఎల్‌టీలు, అంటే సహాయ భాషా టీచర్లు. డిగ్రీ ఉంటే చాలు, బీఈడీలాంటిది అడగరు. ఏడాదికొక ఒప్పందం, ఎంత పొడిగించినా 5 ఏళ్లే. క్లాసు మాత్రం జపనీస్ టీచరుదే. సిలబస్, పరీక్షలు, మార్కులు అన్నీ ఆ చేతిలోనే ఉంటాయి. హైస్కూలు ప్రవేశ పరీక్ష దగ్గరపడే కొద్దీ వ్యాకరణానికి విలువ పెరుగుతుంది, విదేశీ టీచరుతో కబుర్లకు తగ్గుతుంది. పాఠంలో వాక్యం చదవడం, పిల్లలు వెంట అనడం, మళ్లీ చదవడం. ఇంతకు మించి పని లేని పీరియడ్లు బోలెడు. తమను తాము టేప్ రికార్డర్లమని చెప్పుకుని నవ్వుకోవడం ఏఎల్‌టీలకు పాత అలవాటు. 2020 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో ఐదు, ఆరు తరగతులకు ఇంగ్లీషు పూర్తి స్థాయి సబ్జెక్టయింది కాబట్టి చిన్నపిల్లల దగ్గర కాస్త చేతినిండా పని దొరుకుతోంది. పెద్దరికం మాత్రం అక్కడా దక్కదు.

ఆ ఇంగ్లీషు కూడా రోజులో కొన్ని గంటలే. మిగతా సమయమంతా టీచర్ల గదిలో గడుస్తుంది. అక్కడ తరగతుల వారీగా బల్లలు కలిపి వేసి ఉంటాయి. పొద్దున్నే జరిగే సమావేశంలో ఏ పీరియడ్ మారిందో, ఏ పిల్లవాడికి ఒంట్లో బాగాలేదో గబగబా చెప్పేస్తారు. కొత్తగా వచ్చిన ఏఎల్‌టీకి అందులో తన పేరు తప్ప ఏదీ అందదు. మధ్యాహ్నం పిల్లలే తెల్ల ఏప్రాన్లు, టోపీలు వేసుకుని క్లాసులో అన్నం, సూపు, కూర వడ్డిస్తారు. అందరికీ వడ్డన పూర్తయి, అందరూ కలిసి చేతులు జోడించి ఒక మాట అనేదాకా ఎవరూ ముట్టరు. తరవాత బడి శుభ్రం చేసే వేళ. పిల్లలు తడిగుడ్డను రెండు చేతులతో నేలకు అదిమి, నడుము పైకి లేపి, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగు తీస్తారు. టీచర్లూ చీపుర్లు పట్టుకుంటారు. ఏ మూల ఎవరి వంతో, గుడ్డ ఎక్కడ ఆరేయాలో పదేళ్ల పిల్ల ఏఎల్‌టీకి చూపించాలి. ఇంటికొస్తే చెత్త సంగతి. మండేదానికి ఒక రోజు, ప్లాస్టిక్‌కు ఒక రోజు, నీళ్ల సీసాకైతే మూత తీసి, లేబుల్ ఒలిచి, కడిగి ఇంకొక రోజు; పైగా ఊరికో పద్ధతి. తప్పుగా కట్టిన సంచిని బండివాళ్లు తీసుకుపోరు, దాని మీద ఒక స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. ఆ సంచి ఎవరిదో ఇరుగుపొరుగుకు చెప్పనక్కర్లేదు. పగలు క్లాసులో ముప్ఫై గొంతులు తన మాటను వల్లెవేసిన మనిషి, సాయంత్రం ఆ స్టిక్కర్ మీద ఏం రాశారో చదవలేక నిలబడిపోతాడు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి సుఖమైనది. బడి అయిపోగానే తనలాంటి విదేశీయులను వెతుక్కోవడం, శని ఆదివారాలు పట్నం చేరి ఇంగ్లీషు నడిచే బార్లలో కూర్చుని ఈ దేశం ఇలాంటిది, ఈ జనం ఇలాంటివాళ్లు అని తీర్పులు చెప్పుకోవడం. ఫోనులో అనువాదం యాప్ ఉండనే ఉంది, ఐదేళ్లు ఇట్టే గడిచిపోతాయి. (మనవాళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో ఇదే పని తెలుగులో చేస్తుంటారు. నేరమేమీ కాదు, దాన్ని లోకానుభవం అని చెప్పుకోకపోతే చాలు.) రెండోది, ఆ సంచి పట్టుకెళ్లి పక్కింటి పెద్దావిడ తలుపు తట్టడం. ఆవిడ నవ్వినా, విసుక్కున్నా, రెండుసార్లు చెప్పినా అర్థంకాక మూడోసారి అడగాల్సి వచ్చినా నిలబడి ఉండటం.

రెండో దారి పట్టినవాళ్లలో వచ్చే మార్పు ముందుగా క్లాసులోనే కనిపిస్తుంది. ప్రశ్న అడిగితే జపాన్ పిల్లవాడు చాలాసార్లు వెంటనే బదులివ్వడు. తల వంచుకుంటాడు, పక్కవాడి వంక చూస్తాడు, గుసగుసగా ఏదో అడుగుతాడు. కొత్త ఏఎల్‌టీ దీన్ని తెలియకపోవడం అనుకుంటాడు, ఇంకా ముదిరితే పొగరనుకుంటాడు, అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడుగుతాడు. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర వాక్యాన్ని మనసులో కూర్చుకుంటూ, వెనక క్యూ పెరగడం చూసి ఉన్న నాలుగు మాటలూ మరిచిపోయిన టీచరుకు ఆ మౌనం వేరేగా అర్థమవుతుంది. పిల్లవాడి దగ్గర జవాబుంది, నలుగురిలో తప్పు దొర్లుతుందేమోనని బయటికి రావడం లేదు. అప్పుడు ప్రశ్న అడిగే తీరే మారుతుంది. ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనిస్తారు, రాసుకోవడానికి కాస్త సమయమిస్తారు, తప్పుల జపనీస్‌లో తామే ఒక వాక్యం చెప్పి పిల్లల్ని నవ్వనిస్తారు. ఈ చిట్కాలు ఏ శిక్షణ తరగతిలోనైనా చెబుతారు, నిజమే. ఎవరో చెప్తే తెలిసినవాడికీ, పడి తెలుసుకున్నవాడికీ మధ్య తేడా పదకొండోసారి కూడా జవాబు రానప్పుడు బయటపడుతుంది. ఆ ఓపిక శిక్షణతో వచ్చే నైపుణ్యం కాదు, ఆ మనిషి స్వభావంలోకి చేరిన గుణం.

అసలు క్లాసులో స్థానిక భాష మాట్లాడవద్దని బడులే అంటాయి కదా, అది వస్తే పిల్లలు ఇంగ్లీషు వదిలేసి దాన్నే పట్టుకుంటారు కదా అని అడగొచ్చు. క్లాసులో మాట్లాడకపోతే మానె. టీచర్ల గదిలో, చీపురు పట్టుకున్నప్పుడు, చెత్త దగ్గర మాట్లాడవద్దని ఎవరూ అనలేదు.

పరాయి దేశంలో ఉన్నంత మాత్రాన మనిషి మారిపోడని పరిశోధకులూ గమనించారు. విలియం మాడక్స్, ఆడమ్ గాలిన్‌స్కీ 2009లో ప్రచురించిన అధ్యయనాల్లో విదేశంలో నివసించడానికీ సృజనాత్మకతకూ సంబంధం కనిపించింది. ఊరికే చూసి రావడానికి కనిపించలేదు. నివసించినవాళ్లలోనూ అక్కడి జీవితానికి ఎంతగా అలవాటుపడ్డారన్నదే కీలకమైంది. హాజో ఆడమ్, మరికొందరితో కలిసి వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధన మన చర్చకు ఇంకా దగ్గర. ఎన్ని దేశాల్లో ఉన్నారన్నదాన్ని బట్టి కాక, ఎంతకాలం ఉన్నారన్నదాన్ని బట్టి మనిషికి తానెవరో స్పష్టత పెరుగుతుందని అందులో తేలింది. కారణం, తన విలువల్లో ఏవి నిజంగా తనవి, ఏవి పెరిగిన చోట అంటుకున్నవి అని తరచి చూసుకోవాల్సి రావడం. ఏఎల్‌టీకి ఇది తరచూ తగిలే విషయం. సెలవులో ఊరెళ్లి వస్తే టీచర్ల గదిలో ప్రతి బల్ల మీదా ఒక్కో మిఠాయి పొట్లం పెట్టడం అక్కడి మర్యాద. నా సెలవు నా హక్కు, దానికి మిఠాయిలు పంచడమేమిటని మొదట చిరాకేస్తుంది. తను లేని రోజుల్లో తన పీరియడ్లు ఎవరు సర్దుకున్నారో గుర్తొస్తే, హక్కు అన్న ఆ మాటలో సొంత ఆలోచన ఎంత, పుట్టిన ఊరి అలవాటు ఎంత అని తూచుకోక తప్పదు. తూచుకున్నాక మిఠాయి పెట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఈ ఉద్యోగంతో జపాన్‌లో అందరికంటే పేరు తెచ్చుకున్నవాడు లఫ్కాడియో హెర్న్. గ్రీసు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగి, అమెరికాలో పత్రికా విలేకరిగా పనిచేసి, 1890లో నలభై ఏళ్ల వయసులో మత్సుయే అనే పట్నంలో ఇంగ్లీషు టీచరుగా చేరాడు. తరవాత కుమామోతో, ఆపైన టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం. జపనీస్ పుస్తకాలు సొంతంగా చదువుకునేంత భాష ఆయనకు చివరిదాకా రాలేదు. భార్య కొయిజుమి సెత్సుకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ వ్యాకరణం ఎగిరిపోయిన ఒక సొంత జపనీస్‌లో మాట్లాడుకునేవారు. ఆ భాషలోనే ఆవిడ పాత దెయ్యం కథలు చెప్పేది. పుస్తకం చూసి చదవొద్దు, నీ మాటల్లో చెప్పు అని ఆయన పట్టుబట్టి మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. 1904లో వచ్చిన ‘క్వైదాన్’ అలా తయారైన పుస్తకం. హెర్న్ విశ్వవిద్యాలయంలో చెప్పిన ఇంగ్లీషు సాహిత్య పాఠాలు కూడా శిష్యుల నోటు పుస్తకాల నుంచి ఆ తరవాత అచ్చయ్యాయి. వాటిని ఇప్పుడు పండితులు తప్ప ఎవరూ తెరవరు. ఆయన నోరు మూసుకుని విన్న కథలే జపాన్‌లో ఇంటింటా మిగిలాయి.

నా వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటుంది. పాస్‌పోర్టు చూసి ఉద్యోగమిచ్చి, జీతమిచ్చి, అపార్ట్‌మెంట్ వెతికిపెట్టాక స్టిక్కర్ చదవలేకపోవడం ఒక కష్టమా? అదే ఊళ్లో ఫ్యాక్టరీలో పనిచేసే వియత్నాం కుర్రాడూ ఆ స్టిక్కర్ చదవలేడు. అతని అవస్థను ఎవరూ వ్యక్తిత్వ వికాసం అనరు, బతుకుతెరువు అంటారు. ఈ మాట నిజం, దీన్ని పక్కకు నెట్టడానికి వీల్లేదు. చేతగానితనం దానంతటదే ఎవరికీ ఏదీ నేర్పదు. ఉద్యోగం ఊడుతుందన్న భయం, అప్పు తీర్చాల్సిన తొందర ఉన్నచోట మనిషి నేర్చుకునేది జాగ్రత్త ఒక్కటే. కాస్త భద్రత ఉన్నప్పుడే తప్పు చేసి నిలబడే వీలుంటుంది. ఏఎల్‌టీకి ఆ వీలుంది కాబట్టే అతను బార్లలోకి పారిపోతే సాకు చెప్పుకునే అవకాశం తక్కువ. వియత్నాం కుర్రాడికి లేని తీరిక తనకుందని గుర్తించడం కూడా ఆ ఎదుగుదలలో భాగమే.

ఇంకొక అభ్యంతరం, ఇలాంటి ఒంటరితనం మనిషిని పెంచడం మాట అటుంచి విరిచేయొచ్చు. కల్చర్ షాక్ గురించి కలెర్వో ఓబర్గ్ 1960లో రాసిన దశల్లో మొదటి మోజు తీరాక వచ్చే చిరాకు, కోపం కొందరిలో తిరుగు ప్రయాణం దాకా పోతాయి. హెర్న్ ఖాళీ చేసిన కుర్చీలో 1903లో కూర్చున్న జపనీస్ రచయిత నత్సుమే సోసెకి అంతకుముందు రెండేళ్లు లండన్‌లో ఉండి నరాల జబ్బుతో తిరిగొచ్చాడు. అయితే సోసెకి లండన్‌లో చాలావరకు అద్దెగదిలో తలుపేసుకుని పుస్తకాలు చదివాడు, డబ్బు చాలక మనుషులతో కలవలేకపోయాడు. తెలియనితనం ఆయనను దెబ్బతీసిందని నేననుకోను, ఆ తెలియనితనాన్ని పంచుకోవడానికి పక్కన ఎవరూ లేకపోవడం దెబ్బతీసింది. తలుపు తట్టడం ముఖ్యమనడం అందుకే.

తెలుగువాళ్లకు ఈ ఉద్యోగంలో చోటు లేదనుకోనక్కర్లేదు. భారత్, దక్షిణ కొరియాల మధ్య 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన సెపా అనే వాణిజ్య ఒప్పందం, బోధనా అర్హత ఉన్న భారతీయులకు దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచరు వీసాకు దారి తెరిచింది. జపాన్‌లోనూ పన్నెండేళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు అవకాశముంది. ప్రకటనలు మాత్రం ఇప్పటికీ నేటివ్ స్పీకరే కావాలంటాయి. ఇది అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడా. జపాన్ పిల్లవాడు బస్‌ను బసు అంటాడు, కప్‌ను కప్పు అంటాడు, డెస్క్‌ను దెసుకు అంటాడు. బస్సు, కప్పు, డెస్కు అంటూ పెరిగిన మనవాళ్లకు ఆ చివరి ఉకారం ఎక్కడి నుంచి వస్తుందో ఒకరు చెప్పాలా? వి, డబ్ల్యు తేడా కోసం పై పళ్లను కింది పెదవికి ఆనించి, మళ్లీ పెదవులు గుండ్రంగా చుట్టి సాధన చేసినవాడికి, ఎల్, ఆర్ కలిపేసే పిల్లవాడి నాలుకను ఎక్కడ ఆపాలో చూపించడం తెలుసు. పుట్టుకతో భాష వచ్చిన టీచరు ఆ మాటనే ఇంకాస్త నెమ్మదిగా పలికి ఊరుకుంటాడు, తన నాలుక ఎక్కడుందో తనే ఎన్నడూ చూసుకోలేదు గనక. చిక్కేమిటంటే మన టీచరు చాలాసార్లు ఈ అనుభవాన్ని దాచిపెట్టుకుంటాడు. యాసను అమెరికన్‌గా దిద్దుకుని, ఇంగ్లీషు తనకు ఎప్పుడూ వచ్చన్నట్టే నటిస్తాడు, ప్రకటన కోరింది అదే కాబట్టి. ఇంటర్వ్యూ దాకా ఆ వేషం పనికొస్తుందేమో. క్లాసులో పిల్లవాడు దెసుకు అన్నప్పుడు, మా ఊళ్లోనూ డెస్కు అనే అంటాం, నేనూ అలాగే అనేవాణ్ని అని రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, చివరి ఉకారాన్ని ఇద్దరం కలిసి ఎలా మింగుదామో చూద్దాం రా అనగలిగితే ఆ పీరియడ్‌లో సగం పని అయిపోయినట్టే.