ఎమెచెటా పాఠం చెబుతూ నేర్చుకున్నవి

కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పినన్నాళ్లూ నేను పట్టుబట్టి చదివించిన రచయిత్రి బూచీ ఎమెచెటా. ఆమె నవలలు పాఠం చెప్పబోయే కొత్త టీచర్లకు కొన్ని మాటలు.

1. ముందు ఆమె బతుకు చెప్పండి. 1944లో లాగోస్‌లో ఇగ్బో కుటుంబంలో పుట్టింది. తమ్ముణ్ణి బడికి పంపి ఆమెను ఇంట్లో ఉంచితే, పోరి మరీ బడికెళ్లింది. స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. పదహారేళ్లకు పెళ్లి, 1962లో భర్త దగ్గరికి లండన్ ప్రయాణం. ఆమె రాసుకున్న తొలి నవలను అతను తగలబెట్టాడు. ఇరవై రెండేళ్ల వయసులో అయిదుగురు బిడ్డలతో బయటికొచ్చేసి, ఉద్యోగం చేసుకుంటూ సోషియాలజీ డిగ్రీ చదివింది. బూడిదైన ఆ నవలను మళ్లీ మొదటినుంచి రాసి 1976లో 'ద బ్రైడ్ ప్రైస్' పేరుతో అచ్చుకిచ్చింది. ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో ఆడపిల్లలు తలెత్తి చూసేవారు.

2. కన్నీళ్ల దగ్గర ఆగిపోనివ్వకండి, కష్టం లెక్క కట్టించండి. 'ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' (1979)లో నాయిక న్నూ ఈగో సిగరెట్లు, కట్టెలు అమ్మి సంసారం ఈదుతుంది. కూతుళ్ల చేత అమ్మకాలు చేయించి కొడుకులను చదివిస్తుంది. పెద్దకొడుకు అమెరికా వెళ్లిపోతాడు. ఆమె దారిపక్కన ఒంటరిగా చనిపోతుంది. ఆ తర్వాత ఊరంతా చెప్పుకునేలా కర్మకాండ జరుగుతుంది! 'అమ్మ త్యాగం ఎంత గొప్పదో' అని పరీక్షలో రాసినవాళ్లకు నేను మార్కులు తగ్గించేదాన్ని. ఎవరి తిండి ఎవరు తిన్నారో రాయమనేదాన్ని. ఇప్పటికీ అదే సరైన ప్రశ్న అంటాను.

3. న్నూ ఈగో సవతి అదాకును వదిలేయకండి. కొడుకులు లేరని పెద్దలు చిన్నచూపు చూస్తే, గడప దాటి వెళ్లి, తన సంపాదనతో కూతుళ్లను చదివిస్తుంది.

4. తప్పంతా మొగుడి మీదే వేసి పుస్తకం మూయొద్దు. న్నూ ఈగో భర్త తెల్లదొరల బట్టలు ఉతికే కూలి. తర్వాత అతన్ని వాళ్ల యుద్ధానికి పట్టుకుపోతారు. 'సెకండ్-క్లాస్ సిటిజన్' (1974)లో లండన్ ఇళ్లవాళ్లు నల్లవాళ్లకు గది ఇవ్వరు. ఆడదాని మీద పడే బరువులో వలస పాలనా ఉంది, వర్ణవివక్షా ఉంది.

5. 'సెకండ్-క్లాస్ సిటిజన్'ను ఎమెచెటా తన అయిదుగురు పిల్లలకే అంకితమిచ్చింది, వాళ్ల అల్లరి లేకపోతే పుస్తకమే లేదంటూ. రాయాలనుకునే అమ్మాయిలకు ఆ పేజీ చూపిస్తాను. మీరు రాసుకునే గంటసేపు ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా అని కూడా అడుగుతాను, పక్కన వాళ్ల భర్తలుంటే వాళ్లు వినేలా.