ఎక్కడికి పోదాం? పిల్లల్నీ అడుగుదాం

ఎండాకాలం సెలవులు వచ్చాయి. తల్లి చేతికి పొదుపు డబ్బు వచ్చింది. అందరం రెండు రోజులు విశాఖపట్నం పోదామంది. సింహాచలం మొక్కు కూడా ఉంది. కూతురు పదో తరగతి పరీక్షలు రాసింది. కొడుకు ఎనిమిది చదువుతున్నాడు.

కొడుకు: నేను రాను. గుడి దగ్గర గంటల కొద్దీ నిలబడాలి.

తండ్రి: వాడి ఇష్టమేమిటి? రమ్మంటే రావాలి.

తల్లి: ఉండవయ్యా. అడిగి చూద్దాం. ఒరే, నీకేం చూడాలని ఉంది?

కొడుకు: సొరంగాల్లోంచి పోయే రైలు ఎక్కాలి.

తల్లి: నీకేమ్మా?

కూతురు: బీచి దగ్గర సబ్‌మెరైన్ ఉందట. లోపలికి పోయి చూడొచ్చట. మా టీచరు చెప్పారు.

తండ్రి: ఆడపిల్లవి. అవన్నీ నీకెందుకు?

కూతురు తల వంచుకుంది.

తల్లి: చిన్నప్పుడు నాకూ ఇదే మాట చెప్పారు. నలభై ఏళ్ళకి అక్షరాలు దిద్దాను. దాన్నయినా చూడనీ.

తండ్రి మరి మాట్లాడలేదు. నలుగురూ కూర్చుని ఇలా అనుకున్నారు.

మొదటి రోజు: పొద్దున్నే సింహాచలం. సాయంత్రం బీచి.

బీచి ఒడ్డున ఉన్న సబ్‌మెరైన్ పేరు కురుసుర. ఇది నీళ్ళ కింద నడిచే యుద్ధనౌక. పొడవు సుమారు 91 మీటర్లు. 1969లో మన నౌకాదళంలో చేరింది. 2001 దాకా పనిచేసింది. 2002లో దాన్ని మ్యూజియం చేశారు. లోపల దారి ఇరుకు. నావికులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూడొచ్చు. ఆడపిల్లకి ఎందుకు అంటారా? 2022 నుంచి నౌకాదళంలో ఆడపిల్లల్ని కూడా నావికులుగా తీసుకుంటున్నారు.

రెండో రోజు: రైల్లో బొర్రా గుహలు.

విశాఖ నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం. కిరండూల్ దాకా పోయే ఈ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. ఇనుప రాయిని రేవుకి తేవడానికి 1960ల్లో ఈ దారి వేశారు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా నడుస్తోంది. దాని టికెట్టు ఎక్కువ. మామూలు పెట్టెలో కూర్చున్నా అవే కొండలు, అవే సొరంగాలు.

బొర్రా గుహలు సున్నపురాయి గుహలు. పైనుంచి నీటి చుక్కలు పడతాయి. నీటిలోని సున్నం పేరుకుని రాళ్ళు ఊడల్లా వేలాడతాయి. వేలెడు రాయి పెరగాలంటే వందల ఏళ్ళు పడుతుంది. అందుకే వాటిని విరవకూడదు. చేత్తో తాకకూడదు.

చిన్నపిల్లలకి బెలూను కొనిస్తే చాలు. పదమూడు దాటిన పిల్లలు అలా కాదు. వాళ్ళకి ఎక్కడం, దిగడం, కొత్తవి తెలుసుకోవడం ఇష్టం. వాళ్ళ మాటకి విలువ ఇస్తే సంతోషిస్తారు. పనులు కూడా అప్పగించండి. రైలు వేళలు కొడుకు కనుక్కోవాలి. ఖర్చు లెక్క కూతురు రాయాలి.

గుర్తుంచుకోండి

1. కొన్ని చోట్ల వారానికి ఒక రోజు సెలవు. ముందే కనుక్కోండి.
2. పన్నెండేళ్ళు నిండిన పిల్లలకి రైల్లో పూర్తి టికెట్టు తీసుకోవాలి.
3. విశాఖ బీచిలో అలలు లోపలికి లాగుతాయి. ఈత వచ్చినవాళ్ళు కూడా కొట్టుకుపోతారు. మగపిల్లలు పందెం వేసుకుని దిగుతారు. దిగనివ్వకండి. ఒడ్డునే ఉండమనండి.
4. ఆడపిల్ల నెలసరి రోజులు చూసుకోండి. గుడ్డలో, ప్యాడ్లో సంచిలో పెట్టండి. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే అడగండి. సిగ్గు పడకండి.
5. అప్పు చేసి వెళ్ళకండి. డబ్బు తక్కువైతే ఒక రోజే వెళ్ళండి. దగ్గరి ఊళ్ళో ఉన్న కోటో, డ్యామో చూపించినా చాలు.

మాట్లాడుకోండి

1. "ఆడపిల్లవి, నీకెందుకు?" అనే మాట మీరు ఎప్పుడు విన్నారు?
2. మీ ఇంట్లో ఎక్కడికి వెళ్ళాలో ఎవరు చెబుతారు? పిల్లల్ని అడుగుతారా?

రాయండి

మీ పిల్లల్ని అడిగి ఖాళీలు నింపండి.

మా అమ్మాయి చూడాలన్న చోటు: ............
మా అబ్బాయి చూడాలన్న చోటు: ............
బస్సు, రైలు ఖర్చు: ............ రూపాయలు
తిండి ఖర్చు: ............ రూపాయలు
టికెట్ల ఖర్చు: ............ రూపాయలు
మొత్తం: ............ రూపాయలు