కార్యాలయ ఇంట్రానెట్ తరలింపు: క్షేత్ర సిబ్బంది దారి తప్పకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు – పశ్చిమ ప్రకాశం పరిస్థితుల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యవసాయ శాఖలోను, పరిశోధనా కేంద్రాలలోను కార్యాలయ వ్యవహారాలు క్రమేణా అంతర్గత వెబ్‌సైటు, అంటే ఇంట్రానెట్ మీదికి చేరుతున్నాయి. సెలవు దరఖాస్తు, పర్యటన డైరీ, విత్తన నిల్వలు, పంట నమోదు పురోగతి వంటివి ఒకే ద్వారం నుంచి నడిపే వీలు కలిగింది. సర్వరు పాతబడినప్పుడో, సంస్థ పేరు మారినప్పుడో ఆ ద్వారాన్ని కొత్త చిరునామాకు తరలించవలసి వస్తుంది. సాంకేతిక నిపుణునికి అది ఒక రాత్రి పని. గిద్దలూరు ప్రాంతపు గ్రామ వ్యవసాయ సహాయకునికి మాత్రం నిన్నటి దారి నేడు మూసుకుపోవడం. నమోదు గడువు చివరి వారంలో అలా జరిగితే నష్టపోయేది ముందుగా రైతే. ఈ-పంటలో పేరు లేకపోతే పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, మద్దతు ధర కొనుగోలుకు చిక్కులు ఎదురవుతాయి.

చిరునామా మారడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాయే 1972లో ప్రకాశం జిల్లా అయినది. అంతకు ముందరి కాగితాల మీద నేటికీ కర్నూలు పేరే ఉంటుంది గనుక, పాత దస్త్రం వెదికేవారు ఆ సంగతి ఎరిగి ఉండాలి. 2020 మే 30న 10,641 కేంద్రాలతో ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలు 2024లో రైతు సేవా కేంద్రాలుగా మారాయి. నాటుకున్న పేరు ఒక్క ఉత్తర్వుతో నాలుక మీది నుంచి పోదు. కొత్త సైటులోని వెదుకులాట పెట్టెలో పాత పేరు టైపు చేసినా సరైన పుట రావాలనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

సాంకేతికేతర సిబ్బంది వెబ్ చిరునామాను అక్షరాలుగా గుర్తుంచుకోరు. తెర మీద ఎడమ మూల ఉన్న నీలి గుర్తు, దాని కింద మూడవ వరుస అన్నట్లుగా గుర్తుంచుకుంటారు. కాబట్టి చిరునామాను, రూపాన్ని ఒకేసారి మార్చడం పెద్ద పొరపాటు. మొదట పాత రూపంతోనే కొత్త చోటికి తరలించి, అలవాటు పడిన పిమ్మట రూపం మార్చడం మేలు. ఖర్చు కొంత పెరిగినా ఈ క్రమమే సమంజసం.

పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి తానే చేర్చే దారి మళ్ళింపు తప్పనిసరి. అన్ని పాత లింకులనూ ముఖపత్రానికి మళ్ళించడం సులువే గాని నిరుపయోగం. విత్తన నిల్వల పుట తెరవబోయినవారు విత్తన నిల్వల పుటకే చేరాలి. ప్రయోగ దశలో 302 అనే తాత్కాలిక మళ్ళింపు వాడి, అంతా కుదురుకున్నాక 301 అనే శాశ్వత మళ్ళింపుకు మారడం క్షేమం. శాశ్వత మళ్ళింపును బ్రౌజర్లు దాచుకుంటాయి, తప్పు దొర్లితే సర్వరులో సవరించినా వెంటనే పోదు. పాత చిరునామా భద్రతా ధ్రువపత్రాన్ని కూడా నవీకరిస్తూ ఉండాలి. దాని గడువు తీరితే మళ్ళింపు జరగకముందే హెచ్చరిక తెర కనిపిస్తుంది. దానిని చూసిన ఉద్యోగి కంప్యూటరు చెడిపోయినదనుకొని కట్టివేస్తాడు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పాత, కొత్త సైట్లు రెండూ నమోదులు స్వీకరించడం. ఒక మండలంలో సగం కంది విస్తీర్ణం పాతదానిలో, మిగతా సగం కొత్తదానిలో చేరితే ఏ మొత్తమూ నిజం కాదు. తరలింపు క్షణం నుంచి పాత సైటు చదవడానికే తెరిచి ఉండాలి, రాయడానికి కాదు.

నల్లమల అంచు గ్రామాలలో మరొక చిక్కు ఉన్నది. సిగ్నలు అందని చోట వివరాలను ఫోనులో నిల్వచేసి, తరువాత పంపే యాప్‌లు ఉంటాయి. కొత్త యాప్ కోసం పాతదానిని తొలగిస్తే పంపని నమోదులు, మార్కాపురం పలక మీద రాసి తుడిచిన అంకెల వలె, ఆనవాలు లేకుండా పోతాయి. ‘పంపవలసినవి సున్నా’ అని తెర మీద చూసిన తరువాతే పాత యాప్ తొలగించాలని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పాలి. సర్క్యులర్ చాలదు.

ఖరీఫ్ కంది, పత్తి నమోదు రోజులను, రబీ శనగ కాలాన్ని తప్పించి తేదీ నిర్ణయించాలి. వేసవి అనుకూలమే కాని, సాధారణ బదిలీలు కూడా తరచుగా అప్పుడే వస్తాయి. శిక్షణ పొందిన వ్యక్తి వెళ్ళిపోతే ఆ కుర్చీలోకి వచ్చినవారికి మళ్ళీ చెప్పే ఏర్పాటు ముందే ఉండాలి.

ఆవిష్కరణల వ్యాప్తిపై 1962లో ఎవరెట్ రోజర్స్ వివరించిన లక్షణాలలో ప్రయత్నించి చూసే వీలు ఒకటి. రైతు పొలంలో విధాన ప్రదర్శన లేనిదే విత్తనశుద్ధిని సిఫారసు చేయని విస్తరణ విభాగాలు, తమ సిబ్బందికి మాత్రం రెండు పుటల ఉత్తర్వుతో సరిపెట్టడం విచిత్రం. తరలింపుకు రెండు వారాల ముందు నమూనా వివరాలతో కొత్త సైటు తెరిచి, మండల సమావేశంలో ప్రతి ఉద్యోగి తన చేతితో ఒక నమోదు పూర్తిచేయాలి. ఎక్కడ వేలు ఆగిపోతుందో పక్కన కూర్చుని గమనించి, తప్పు ఉద్యోగిదని గాక సైటుదని రాసుకోవాలి.

కొత్త చిరునామా ప్రకటించిన రోజులలోనే నకిలీ లింకులకూ అవకాశం ఎక్కువ. చిరునామాను కార్యాలయ గోడ మీద ముద్రించి అంటించాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకు దానితో సరిపోలకపోతే తెరవరాదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పరాదు.

దారి మళ్ళింపును కనీసం ఖరీఫ్, రబీ రెండూ గడిచేవరకు ఉంచాలి. ఈలోగా పాత చిరునామా నుంచి వచ్చేవారి లెక్కను వారం వారం చూడాలి. ఏ కార్యాలయం నుంచి ఇంకా అదే దారిన వస్తున్నారో తెలిస్తే అక్కడికి ఒక ఫోను చేయవచ్చు. సాధారణంగా ఆ కంప్యూటరు తెర మీద పాత గుర్తు ఒకటి మిగిలి ఉంటుంది.