స్లాబు పడేదాకా ఆగకు

కల్వకుర్తి

ప్రియమైన బిడ్డా,

నీ ఉత్తరం అందింది. సంఘ పెద్దల్లో ఒకాయన గుంపు మేస్త్రీ. చర్చి స్లాబు ఖర్చులో సగం తానే భరిస్తానన్నాడు. ఆయన గుంపులో పనికి పోయొచ్చిన అక్క ఒకామె కూలి డబ్బులు ఇంకా రాలేదని నీ దగ్గర ఏడ్చింది. స్లాబు పడేదాకా ఊరుకోనా అని అడిగావు. ఊరుకోవద్దు.

ఆమె చూపిన చిట్టీలో ఏముందో నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. ఇచ్చిన అడ్వాన్సు, బస్సు చార్జీ, బియ్యం, జ్వరం గోలీలు, అన్నీ పైసలతో సహా ఎక్కాయి. ఆమె పనిచేసిన రోజులు మాత్రం ఎక్కడా ఎక్కలేదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతటికీ తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మనోళ్లే. నీ సంఘంలో సగం మంది క్రిస్మస్‌కు వచ్చి, పండగ కాగానే మూట కట్టుకునేవాళ్లు. వాళ్ల గోడు వినడానికి ఊళ్లో నువ్వు తప్ప ఇంకెవరున్నారు?

1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్‌నే ఓడించిన గడ్డ ఇది. అంతటి గడ్డ మీద పుట్టినవాళ్లు కూడా సంఘ పెద్ద ముందు నోరు విప్పరు. ఓటు ఎవరికేశామో ఎవరికీ తెలియదు. అప్పు, పని, పిల్ల పెళ్లి మాత్రం రోజూ ఎదురుపడే మనిషి చేతుల్లో ఉంటాయి. వాళ్ల భయాన్ని తక్కువ చేసి చూడకు.

మన దగ్గర సంఘం మీద అధికారం మొదట మిషనరీ దొరల బంగళాలో ఉండేది. నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, మన కల్వకుర్తి, అన్నీ మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ కేంద్రాలే. బడి, ఆస్పత్రి, పల్లె బోధకుల జీతం దొర చేతి మీదుగా నడిచేవి. ఆ దొరల్లో ప్రాణం పెట్టి పనిచేసినవాళ్లున్నారు, ఆ రుణం మరవను. కానీ జీతమిచ్చే చేతికి ఎదురు చెప్పకూడదన్న అలవాటు కూడా అక్కడే మనకు అంటుకుంది. దొరలు వెళ్లిపోయారు, అలవాటు పోలేదు.

ఆ అలవాటును దాటిన అజరయ్యగారిని గుర్తు చేసుకో. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ. ఆయన వాళ్ల అతిథి. వాళ్ల మధ్యనే నిలబడి, మీరు ఎన్నో త్యాగాలు చేశారు, మమ్మల్ని మాత్రం స్నేహితులుగా చూడలేదు అన్న భావంతో మాట్లాడాడు. చాలామందికి కోపమొచ్చింది. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయనే దోర్నకల్లు బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి సంగతి. తమిళుడు తెలుగు నేర్చి, ఎడ్లబండి మీద మాల మాదిగ పల్లెలు తిరిగి, 1945లో కన్నుమూసేదాకా ఆ జనం మధ్యే ఉన్నాడు. దొరల ముందు అన్న మాటకు తన చేతికి అధికారం వచ్చాక కూడా కట్టుబడ్డాడు.

నువ్వు మేస్త్రీని అడిగితే ఆయన నిన్నూ అడుగుతాడు, కానుకల లెక్కలేవని. అప్పుడు అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న మాట చాటుకు పోవద్దు. గుహలో చేతికి చిక్కినా దావీదు సౌలును చంపలేదు, నిజమే. కానీ గుహ బయట నిలబడి, చేసిన అన్యాయమంతా అతని ముఖం మీదే చెప్పాడు. అదే దావీదు రాజయ్యాక నాతాను వచ్చి తప్పు ఎత్తి చూపితే తల వంచాడు. అందుకని ముందు నీ పుస్తకం తెరువు. కానుక ఎంత వచ్చింది, సిమెంటుకెంత, నీ ఇంటికెంత, ఆదివారం సంఘంలో చదువు.

ఆ తర్వాత ఆయన ఇంటికి ఒక్కడివే వెళ్లు. ప్రసంగంలో దెప్పిపొడిస్తే అది ధైర్యం కాదు, మైకు చేతిలో ఉందన్న బలుపు. చిట్టీ ముందు పెట్టి, పనిదినాలు ఇందులో రాయి అన్నా అని అడుగు. వినకపోతే ఇద్దరు పెద్దల్ని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టు. అప్పు పేరు చెప్పి మనుషుల్ని కట్టేసి పనిచేయించుకుంటుంటే, 1976 చట్టం ప్రకారం అది నేరం. ఆ అక్కను వెంటబెట్టుకుని కలెక్టర్ దగ్గరికి పో. ఆమె పేరు బయటపెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆమె ఇష్టం, నీది కాదు.

ఆయన స్లాబుకు డబ్బు ఆపేయొచ్చు. రేకుల కింద ఆరాధన జరుపుకోండి. తెచ్చిన ఇనుప రాడ్లకు పట్టా కప్పించు, వానలున్నాయి. నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వు పిలిస్తే ఆ ఇద్దరు పెద్దల్లో ఒకడిగా వస్తాను.

నీ అయ్యగారు