వృత్తి నిర్ణయమున నమ్మికను కొలుచుట: 'గలరు' అను రూపము తెచ్చు చిక్కు

కళాశాల విద్యార్థికి తన వృత్తిని తానెంచుకొనగలనను నమ్మిక ఎంత కలదో కొలుచుటకు టేలర్, బెట్జ్ అను పరిశోధకులు 1983లో ఒక కొలమానమును కూర్చిరి. అందు 50 అంశములు. 1996 నాటి సంక్షిప్తరూపమున 25. తన్ను తానెరుగుట, వృత్తుల సమాచారము సేకరించుట, లక్ష్యమునెంచుకొనుట, ప్రణాళిక వేసికొనుట, చిక్కులు తీర్చుకొనుట అను ఐదు పనులపై విద్యార్థి తన నమ్మికకు తానే అంకె వేయును. బండూరా 1977లో ప్రతిపాదించిన స్వసామర్థ్యభావన దీనికి మూలము.

పుదుచ్చేరి పట్టణమున దీనిని వాడదలచినవారికి తమిళానువాదమొక్కటి చాలదు. కాకినాడకు చేరువనున్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతములోనిదే. అచ్చటినుండి 600 కిలోమీటర్లకు మించిన దూరము వచ్చి ఇచ్చట చదువు విద్యార్థికి ప్రశ్న తెలుగున అందవలెను.

ప్రశ్న 'చేయగలను' అనుదానిని అడుగవలెను గాని 'చేసెదను' అనుదానిని కాదని బండూరా నియమము. మొదటిది శక్తి, రెండవది సంకల్పము. ఈ భేదము మన క్రియలోనే ఉన్నది గదా, అనువాదము సులభమని తోచును. కాని 'మీరు వివరములు తెలిసికొనగలరు' అని వ్రాసి చూడుడు! మన కార్యాలయపు లేఖలలోని 'హాజరు కాగలరు', 'తెలియజేయగలరు' అనునవి శక్తిని చెప్పవు. అవి మర్యాదతో కూడిన ఆజ్ఞలు. 'తెలిసికొనగలరా?' అన్నను అభ్యర్థనయే ధ్వనింపవచ్చును. పెద్దలడిగిరని కాదనలేక వేసిన అంకె వినయమునకు కొలత యగును. ఉత్తమపురుషలో ఈ సందిగ్ధత లేదు. కనుక ప్రతి అంశమును 'వివరములు నేను తెలిసికొనగలను' అను తీరుననే ఉంచి, దానిపై నమ్మిక ఎంతయని అడుగుట మేలు.

'ఆత్మవిశ్వాసము' అను మాటయు నాకు సమ్మతము కాదు. అది మనిషి స్వభావమును చెప్పును. ఇచ్చట కొలుచునది ఒక్కొక్క పనిపై గల నమ్మిక. సభలో జంకని విద్యార్థి ఉద్యోగపు దరఖాస్తు వ్రాయుటలో తడబడవచ్చును.