బొబ్బ ఏ పొరలో లేచింది?

ప్రశ్న: మా మనవడికి రెండు నెలలు. పుట్టినప్పటి నుంచీ ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ బొబ్బలు. మా అబ్బాయిది మేనరికం. నెల్లూరులో చర్మం ముక్క తీసి ‘పైచర్మం కింద బొబ్బ’ అని రిపోర్టిచ్చారు. ఇప్పుడు ఇంకో డాక్టరు మళ్ళీ ముక్క తీయాలంటున్నారు. మొదటి రిపోర్టు తప్పా?
– ఒక తాతయ్య, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: తప్పు కాదండీ, చాలదు. బొబ్బ ఉందని మీ కంటికే తెలుసు. తెలియాల్సింది చర్మం ఏ పొర దగ్గర విడిపోయిందన్నది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అనే ఈ జబ్బులో పైచర్మంలోనే చీలితే సింప్లెక్స్, పైచర్మాన్నీ లోచర్మాన్నీ అతికించే పొరలో చీలితే జంక్షనల్, ఆ పొరకు కింద చీలితే డిస్ట్రోఫిక్. కిండ్లర్ అని అరుదైనది ఇంకోటుంది. బిడ్డ ముందుముందు ఎలా ఉంటాడన్నది రకాన్ని బట్టే.

దీన్ని తేల్చేది ఇమ్యునోఫ్లోరోసెన్స్ మ్యాపింగ్. చర్మంలోని ప్రోటీన్లకు మెరిసే రంగు పట్టించి చూస్తారు. నాలుగో రకం కొల్లాజెన్ బొబ్బ పైకప్పుకు అంటుకుని కనిపిస్తే డిస్ట్రోఫిక్. అడుగున కనిపిస్తే సింప్లెక్సో జంక్షనలో ఇంకో ప్రోటీన్‌ను బట్టి చెబుతారు. మన దేశపు డాక్టర్లే 86 మందికి ఇలా చేసి, 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో అచ్చేశారు.

ఇక నా పాత గొడవ. చాలాసార్లు ఈ పరీక్ష ముక్క తీసే గదిలోనే చెడిపోతుంది. పాత బొబ్బ అడుగున కొత్త చర్మం మొలిచి ఉంటుంది, పొర తప్పుగా కనిపిస్తుంది. డాక్టరే చర్మాన్ని మెల్లగా రుద్ది, అప్పటికప్పుడు లేచిన బొబ్బ అంచున తీయాలి. ఫార్మలిన్ సీసాలో వేశారా, ఈ పరీక్షకు ఆ ముక్క పనికిరాదు. మైకెల్స్ ద్రవం కావాలి. ‘ఏ ద్రవం తెప్పించారు?’ అని ముందే అడగండి. డాక్టరుకు కోపమొస్తే రానీండి, రెండో కోత తప్పుతుంది. ప్లాస్టరు అంటించనివ్వకండి, చర్మం దాంతోపాటే ఊడొస్తుంది. రక్తం తీసేచోట దూది రుద్దకూడదు, అద్దాలి. అదేరోజు బిడ్డదీ తల్లిదండ్రులదీ రక్తం జన్యుపరీక్షకు ఇచ్చేయండి. ఎందుకో మూడో ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: గ్రహణం నాడు బయట తిరిగానని, అందుకే బిడ్డకు బొబ్బలని అత్తగారు సాధిస్తున్నారు.
– కోవూరు

జవాబు: గ్రహణానికీ జన్యువులకూ సంబంధం లేదు, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే వచ్చే రిసెసివ్ రకమైతే సగం లోపం మీ ఆయన వైపు నుంచీ వచ్చిందని ఆవిడతో చెప్పండి.

ప్రశ్న: బొబ్బలతోనే మా పాప నాలుగో నెలలో పోయింది. ఇప్పుడు నాకు మళ్ళీ రెండో నెల. కడుపులోనే పరీక్ష చేస్తారా? చట్టం ఒప్పుకోదంటున్నారు.
– ఆత్మకూరు

జవాబు: అమ్మా, ఆడో మగో చెప్పడమే నేరం. వంశపారంపర్య జబ్బుల పరీక్షను, రిజిస్టరైన కేంద్రంలో చేయించుకోవడానికి, 1994 నాటి చట్టమే అనుమతిస్తోంది. పదకొండో వారం దాటాక మావి నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. అయితే ఏ జన్యువులో ఏ లోపమో ముందు తెలియాలి. పాప రక్తం గానీ, బయాప్సీ బ్లాకు గానీ ఆస్పత్రిలో మిగిలి ఉందేమో అడగండి. లేకపోతే మీ ఇద్దరి రక్తంలో వెతకాలి. దానికి వారాలు పడుతుంది, అందుకని ఈ వారమే జెనెటిక్స్ విభాగానికి వెళ్ళండి, హైదరాబాద్ నిమ్స్ అయినా సరే. బిడ్డ దక్కదని తెలిసిన రోజే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి డీఎన్ఏ దాచమని చెప్పే డాక్టరు నూటికొక్కరైనా ఉంటే ఇన్ని ఉత్తరాలు రావు! ఒకసారి జరిగింది కదా, ఇక మూడు కాన్పులు క్షేమమన్న లెక్క నమ్మకండి. రిసెసివ్ రకంలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

ప్రశ్న: నాకూ మా వాడికీ ఎండాకాలం అరికాళ్ళలోనే బొబ్బలు. మేమూ ముక్క తీయించాలా?
– సంగం

జవాబు: తొందరేం లేదు. తండ్రీకొడుకులిద్దరికీ పాదాల్లోనే అంటే బహుశా సింప్లెక్సే. వదులు చెప్పులు, నూలు మేజోళ్ళు వాడండి. పిల్లాణ్ణి ఎన్‌సీసీ బూట్ల నుంచి మాత్రం తప్పించండి.